మడిచిన జెండా

కులం దాచుకోవడం అబద్ధమా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురుకాలేదు. 2024 అక్టోబరు 8న, ఢిల్లీలో, ఒక కాలేజీకి అర కిలోమీటరు దూరంలో, తుఫాన్ బండి బానెట్టు మీద కట్టిన నీలిజెండా ముడి విప్పుతుంటే ఎదురైంది. ఐదు రోజుల ఎండకీ గాలికీ పురికొస ముడి బిగుసుకుపోయింది. పంటితో లాగి విప్పాను. జెండా మడిచి సీటు కింద పెట్టాను. బండిలో పదిమంది చూస్తున్నారు. వాళ్లలో మా అక్క ఒకతి.

ముందు ప్రయాణం సంగతి చెప్పాలి. మేం ప్రకాశం జిల్లా వాళ్లం. ఆ యేడు దసరా సెలవులకి మా మండలం టీచర్లం కొందరం డబ్బులేసుకుని బండి మాట్లాడుకున్నాం. నాగపూరు దీక్షాభూమి, బాబాసాహెబ్ పుట్టిన మౌ, ఆయన కన్నుమూసిన ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇల్లు, మళ్లీ తిరుగుదారిలో విజయదశమి నాటికి నాగపూరు. అదీ లెక్క. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ లక్షలమందితో బౌద్ధం తీసుకున్న నేల మీద మనం కూడా ఒక రోజు నిలబడాలని రిటైరైన పెద్దమాస్టారు పదేళ్లుగా అంటా ఉన్నాడు. ఆయన కారంచేడు తరం మనిషి. 1985 జులై 17 తర్వాత చీరాల శిబిరంలో నెలల తరబడి పనిచేసినవాడు. అప్పటికి నేను పుట్టనే లేదు.

బండిలో మొత్తం పదకొండుమందిమి. ఏడుగురు మాలలు, మిగిలినోళ్లం మాదిగలం. సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు ఆగస్టు 1న వచ్చింది, అప్పటికి రెండు నెలలు. హైదరాబాదు దాటేదాకా బండిలో అదే పంచాయితీ. నిర్మల్ కాడ టీ తాగేటప్పుడు 'ఇంక నాగపూరు దాకా ఆ మాట ఎత్తినోడు డీజిలు ఖర్చు పెట్టుకోవాల' అని డ్రైవరు తీర్పిచ్చాడు. సుప్రీంకోర్టు తీర్పు కంటే అది బాగా అమలైంది.

మా అక్క టీచరు కాదు. మిరపకోతలకీ, పొగాకు గ్రేడింగుకీ పోయే కూలిమనిషి. ఆమె వచ్చింది బాబాసాహెబ్ కోసం కాదు, కొడుకు కోసం. నా మేనల్లుడు గురుకులంలో చదివి, సియుఇటి రాసి, 2023లో ఢిల్లీలో పేరున్న కాలేజీలో ఎకనామిక్స్ ఆనర్స్‌లో చేరాడు. చేరేటప్పుడు నేను రైల్లో తీసుకుపోయి దించొచ్చాను. అక్క వాడి కాలేజీ చూళ్లేదు. 'ఒక్కసారి నా బిడ్డ చదివే బడి కళ్లతో జూడాల తమ్ముడూ' అని ఆమె అంటే బండిలో ఒక సీటు ఆమెకిచ్చాం. మౌలో అందరం బాబాసాహెబ్ విగ్రహం ముందు ఫోటోలు దిగుతుంటే అక్క సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. 'ఇంకెంత దూరం రా ఢిల్లీ?' అదొక్కటే ఆమె ప్రశ్న.

ఆ జెండా మాకు దారిలో రెండు రకాల మర్యాదలు చేసింది. హింగన్‌ఘాట్ దగ్గర ఒక టీ బంకు ముసలాయన జెండా చూసి బయటికొచ్చి 'జై భీమ్' అన్నాడు. పదకొండు టీలకి పైసా ముట్టలేదు. మాకు మరాఠీ రాదు, ఆయనకి తెలుగు రాదు. అయినా కాసేపు కూర్చుని మాట్లాడుకున్నట్టే అనిపించింది. గుణ దాటాక ఇంకో ధాబాలో మా బండి ఆగేసరికి అన్నం అయిపోయింది. మా పక్క బల్ల మీద వాళ్లకి మాత్రం అవలేదు. పెద్దమాస్టారు 'పదండి, అరటిపళ్లు తిందాం' అన్నాడు. అంతే.

గ్వాలియర్ దగ్గర అల్లుడు ఫోన్ చేశాడు.

'మామా, బండికి జెండాలున్నయ్యా?'

'ఉన్నయ్యి. ముందొకటి. వెనక బేనరు. ఏంరా?'

కాసేపు ఏం మాట్లాడలేదు. 'గేటు కాడికి తేబాకండి మామా. మెట్రో స్టేషను కాడ ఆపండి. నేనొచ్చి అమ్మని తీసకపోతా.'

'గేటు కాడ బండి ఆపనియ్యరా?' అని అడిగాను. నాకు అర్థమయ్యే అడిగాను. వాడి నోటితో వినాలని.

'అది కాదు మామా... నా ఫ్రెండ్సుకి తెలీదు.'

ఏం తెలీదని నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. మనవాళ్ల మధ్య ఈ 'తెలీదు'కి అర్థం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా అల్లుడి సంగతి చెబితే అది దొంగతనమవుతుంది. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీ. మా నాయన చెప్పులు కుట్టేవాడు, చావులకీ జాతర్లకీ డప్పు కొట్టేవాడు. అమ్మ కూలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెరిగి, ఒంగోల్లో డిగ్రీ చదివి, 2014 డీఎస్సీలో సెలెక్టయి 2016లో ఉద్యోగంలో చేరాను. సోషల్ స్టడీస్ చెబుతాను. ప్రతి యేడూ ఏప్రిల్ 14న పిల్లలకి ఒకటే మాట చెబుతాను: మీ పేరు ఎంత గట్టిగా చెబుతారో మీ కులం అంత గట్టిగా చెప్పండి, సిగ్గుపడాల్సింది మనం కాదు. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఊళ్లో అద్దెకి ఇల్లు వెతికాను. మొదటి ఇంట్లో 'మీరేవుట్లండీ?' అన్నారు. మాదిగలమండీ అన్నాను. మా తమ్ముడు కాపురానికొస్తున్నాడు, ఇల్లు ఖాళీ లేదన్నారు. రెండో ఇంట్లో కూడా ఒక తమ్ముడు వచ్చాడు. మూడో ఇంట్లో ఇల్లుగలామె మంచిగా మాట్లాడింది, మంచినీళ్లిచ్చింది, గ్లాసు చేతికే ఇచ్చింది. 'మీరేవుట్లు మాస్టారూ?' అంది. 'కాపులమండీ' అన్నాను. నా భార్య నా వైపు చూళ్లేదు. గోడ మీద కేలండరు చూసింది.

ఆ ఇంట్లో పద్నాలుగు నెలలున్నాం. నా భార్యకి నెలలు నిండుతున్నప్పుడు మా అమ్మ వచ్చింది. కోడలికి బలం అని ఎండు తునకలు డబ్బాలో పోసుకొచ్చింది. బర్రె మాంసం ఎండలో ఒరుగు పెట్టి, కోడలు తింటుందని దాచి, బస్సులో ఒళ్లో పెట్టుకు తెచ్చింది. అవి పొయ్యి మీద పెడితే వాసన వీధి చివరిదాకా పోతుంది. ఆ రాత్రి అమ్మ నిద్రపోయాక డబ్బా తీసుకెళ్లి కాలవలో పారబోసొచ్చాను. పొద్దున అమ్మ ఖాళీ డబ్బా చూసింది. ఏమీ అడగలేదు. 'కుక్కలెత్తకపోయినట్టుండయ్' అంది. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది. అమ్మ మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

కాబట్టి గ్వాలియర్ రోడ్డు మీద అల్లుడు 'తెలీదు మామా' అన్నప్పుడు నాకు కోపం తెచ్చుకునే హక్కు లేదు. అయినా వచ్చింది. మన తప్పు మన పిల్లలు చేస్తే వచ్చే కోపం లాంటి కోపం ఇంకోటి ఉండదు.

బండిలో చెప్పాను. పెద్దమాస్టారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత, 'ఆయన పెట్టిన చెట్టు కాయ తిని, చెట్టు పేరు చెప్పడానికి సిగ్గా?' అన్నాడు. 'ఆ సీటు ఎట్టా వచ్చింది వాడికి? రిజర్వేషను లేకపోతే ఆ గేటు లోపలికి పోయేవాడా? అసలు ఈ ప్రయాణం ఎందుకు చేస్తున్నాం మనం? జెండా తీసి అలీపూర్ రోడ్డుకి పోవడం కంటే వెనక్కి తిప్పడం నయం.' ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. చీరాల శిబిరంలో ఉన్న మనిషికి అట్లా మాట్లాడే హక్కుంది. కాని అక్క మొహం చూశాను. రెండువేల కిలోమీటర్లు సున్నుండల డబ్బా మోసుకొచ్చిన మనిషి మొహం. జెండా నేను విప్పుతానన్నాను. 'నీ ఇష్టం. నేను మాత్రం ముట్టను' అన్నాడు మాస్టారు.

మెట్రో స్టేషను కాడికి అల్లుడు ఒక్కడే వస్తాడనుకున్నాం. ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. వద్దన్నా వినకుండా వెంటబడి వచ్చారట, అమ్మ వస్తోందంటే. అల్లుడు మంచి చొక్కా వేసుకున్నాడు. బండి వైపు చూశాడు, ముందు బానెట్టు వైపు. తర్వాత నా వైపు చూశాడు. నేను వేరే ఎటో చూశాను.

అక్క దిగింది. ఆయిలు రాసి నున్నగా దువ్విన జుట్టు, పెళ్లిళ్లకి కట్టే చీర, హవాయి చెప్పులు. పొగాకు గ్రేడింగు చేసినోళ్ల వేళ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలిసే ఉంటుంది. నల్లగా, ఎంత తోమినా పోని జిగురు మరకలతో. ఆ చేతులు పమిట కొంగులో దాచుకుంది. ఎవరూ చెప్పకుండానే.

అప్పుడు జరిగింది ఇది. స్నేహితుల్లో ఒక కుర్రాడు, వాడి పేరు చివర ఉన్న మాట ఉత్తరాదిలో ఏ కులానిదో నాలాంటివాడికి కూడా తెలుసు, 'నమస్తే ఆంటీజీ' అంటూ వంగి అక్క కాళ్లు ముట్టుకున్నాడు. అక్కడ అది మామూలు. పెద్దవాళ్లు కనపడితే కాళ్లకి మొక్కుతారు. మా అక్కకి అది తెలీదు. నిప్పు తగిలినట్టు రెండడుగులు వెనక్కి వేసింది. సిమెంటు గట్టుకి తగిలి పడబోయింది. అల్లుడు పట్టుకున్నాడు. వాడి మొహం పాలిపోయింది. ఆ కుర్రాడు నవ్వి, 'ఆంటీజీకి మొహమాటం' అన్నాడు హిందీలో.

నలభై ఐదేళ్ల మనిషి. ఊళ్లో దొడ్లలో పేడ ఎత్తింది, చేలల్లో వంగి వంగి నడుం పోయింది. ఆమె కాళ్లని ఇంకో కులపు మనిషి ముట్టుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. మొక్కడం మాట అటుంచండి, ముట్టుకోవడం.

అల్లుడు వాళ్లమ్మని ఈ-రిక్షాలో కాలేజీకి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. లైబ్రరీ బయటనుంచి చూపించాడు. పెద్ద పెద్ద చెట్లు, ఎర్ర ఇటుకల వరండాలు. 'ఇంత చల్లగా ఉంది, ఇక్కడ నిద్ర రాదంట్రా చదివేటప్పుడు?' అంది అక్క. కేంటీనులో ఛోలే భటూరే తినిపించాడు. తెలుగులో చిన్నగా మాట్లాడమ్మా అని రెండుసార్లు అన్నాడు. అక్క మూడోసారి అనకుండా అసలు మాట్లాడ్డమే మానేసింది.

స్నేహితులు క్లాసుకి పోయాక చెట్టు కింద కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు వాడు. చేరిన మొదటి వారంలోనే 'నీ స్కోరెంత?' అని అడుగుతారట. అది మార్కుల కోసం అడగడం కాదు, సియుఇటి స్కోరు చెబితే ఏ కేటగిరీలో వచ్చావో లెక్కగట్టుకుంటారు. వీడు ఎక్కువ చేసి చెప్పాడు. ఇంక తెలుగు పిల్లలు. అక్కడి మన తెలుగు సీనియరు ఒకడు మెస్సులో పక్కన కూర్చుని, ప్రేమగా భుజం మీద చెయ్యేసి, 'మీరేవుట్లు తమ్ముడూ?' అన్నాడట. ఢిల్లీ దాకా పోయినా ఆ ముక్క మనవెంట వస్తుంది చూడండి, ఆవకాయ జాడీ లాగా. వీడు, 'కాపులం అన్నా' అన్నాడు.

నేను చెప్పిన మాటే. నేను ఎప్పుడూ వాడికి చెప్పలేదు ఆ సంగతి. మా కుటుంబంలో తరం నుంచి తరానికి అందిన ఆస్తి ఇదన్నమాట.

ఇక్కడ ఆగి కొంచెం ఆలోచించాలి. సత్యం గొప్పదని మనకి చిన్నప్పట్నుంచి చెప్పారు. హరిశ్చంద్ర నాటకం మా పల్లె పక్క ఊళ్లో ఏటా ఆడేవాళ్లు. రాజు ఒక్క అబద్ధం ఆడలేక రాజ్యం, భార్య, కొడుకు అన్నీ పోగొట్టుకుని కాటికాపరి అవుతాడు. జనం ఏడుస్తారు. ఆ కాటిసీనులో జాషువా పద్యాలు పాడి వన్స్‌మోర్లు కొట్టించుకుంటారు. జాషువా ఏ కులమో ఆ వన్స్‌మోర్ కొట్టినవాళ్లు కాసేపు మర్చిపోతారు. నా అనుమానం ఇది: రాజు కాటికాపరి కావడం అంత విషాదమైతే, పుట్టుకతో కాటికాపరి అయిన వీరబాహుడి సంగతేమిటి? అతని సత్యం గురించి ఆ నాటకంలో ఎవరైనా ఒక్క పద్యం పాడారా? నిజం చెప్పడం వల్ల పోయేది రాజ్యమైతే ఆ నిజానికి కీర్తి వస్తుంది. పోయేది అద్దె ఇల్లయితే ఏ కీర్తీ రాదు.

ఇంకోటి కూడా ఉంది. ఇది రాయొచ్చో లేదో అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోతుంది. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి క్లౌ దొరగారి మిషను బాప్తిస్మం ఇచ్చింది. మా వంశంలో ఒక ముసలాయన ఆ నీళ్లలో మునిగినవాడేనని అమ్మ చెబుతుంది. రుజువేమీ లేదు, అమ్మ మాటే. కాని బళ్లో మా అందరి సర్టిఫికెట్లలో హిందూ-మాదిగ అనే ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. దేవుణ్ణి మార్చుకుంటే ఊళ్లో మా కులం మారలేదు, మా బావి మారలేదు, మా స్మశానం మారలేదు. ఆఫీసు కాగితంలో మాత్రం మారిపోతుందట. ఒకచోట కులం చెప్పకపోతే తప్పు, ఇంకోచోట దేవుణ్ణి చెబితే తప్పు. ఇంత లెక్క పెట్టుకుని బతికేవాళ్లని నిలబెట్టి 'నువ్వు అబద్ధమాడావా?' అని అడిగేవాడు ముందు తన ప్రశ్న సంగతి చూసుకోవాలి. కులం అడిగేవాడు తెలుసుకోవడానికి అడగడు. నిన్ను ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకోవడానికి అడుగుతాడు. కత్తి పట్టుకుని వచ్చినవాడికి మనిషి దాక్కున్న గది చూపించాలా అని నీతిశాస్త్రంలో పాత చర్చ ఉంది. ఇక్కడ గదిలో దాక్కున్నదీ మనమే, గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాల్సిందీ మనమే.

బాబాసాహెబ్ కూడా ఈ గుమ్మంలో నిలబడ్డాడు. ఇది పెద్దమాస్టారికి నేను ఆ సాయంత్రం గుర్తుచేశాను. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. 1901లో, తొమ్మిదేళ్ల పిల్లాడు, అన్నతోనూ అక్క కొడుకులతోనూ కలిసి కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రిని చూడ్డానికి బయల్దేరాడు. కొత్తబట్టలు వేసుకుని, రైలెక్కి. మసూర్ స్టేషన్లో దిగితే స్టేషన్ మాస్టరు మీరెవరని అడిగాడు. ఆ పిల్లాడు ముందూ వెనకా చూడకుండా మహార్లమన్నాడు. నిజం చెప్పాడు. స్టేషన్ మాస్టరు మొహం మారిపోయింది. బండివాళ్లు ఎవరూ రాలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకున్నాడు. రాత్రి దప్పికయింది. టోల్‌గేటు కాడ నీళ్లడగాలి. ముస్లిములమని చెప్పమని బండివాడే సలహా ఇచ్చాడు. ఆ పిల్లాడు ఉర్దూలో మాట్లాడి అట్లాగే చెప్పాడు. అయినా నీళ్లు దొరకలేదు. ఒక్కరోజులోనే నిజమూ చెప్పి చూశాడు, అబద్ధమూ చెప్పి చూశాడు. తర్వాత 1917లో, అమెరికాలో చదివొచ్చిన మనిషి, బరోడాలో ఉండటానికి చోటు లేక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని ఉన్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు.

చూశారా, ఆయన కూడా, అన్నాను పెద్దమాస్టారితో. నెగ్గాననుకున్నాను.

'అవును. కాని ఆ సంగతి మనకెవరు చెప్పారు?' అన్నాడు మాస్టారు. 'ఆయనే చెప్పాడు. తన చేత్తో రాసి పెట్టాడు. దాచుకున్నాడు, దాచుకున్నానని లోకానికి చెప్పాడు. మీ మామా అల్లుళ్లు ఎప్పుడు చెబుతారు?'

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ మాట ఒక కారణం.

కాని అల్లుడు చెట్టు కింద చెప్పిన ఇంకో సంగతి నేను మాస్టారికి చెప్పలేదు. అసలు గుచ్చుకున్నది అదే. వాళ్ల క్లాసులో ఒకమ్మాయి ఉంది. మహారాష్ట్ర వైపు పిల్ల. మొదటిరోజే తన కులం చెప్పుకుంది. హాస్టలు గదిలో గోడకి బాబాసాహెబ్ బొమ్మ పెట్టుకుంది. ఆ పిల్ల క్లాసులో లేచి ప్రశ్న అడిగితే వెనక బెంచీల్లోంచి ఏదో ఒక జోకు. కోటా జోకు. అందరూ నవ్వుతారు.

'నువ్వు?' అన్నాను.

వాడు గడ్డి పీకుతున్నాడు. 'నవ్వకపోతే అనుమానం వస్తది మామా.'

నాకు ఇక్కడ గీత కనపడింది. కులం చెప్పకపోవడం ఒకటి. ఆ నవ్వు ఇంకోటి. మొదటిది దెబ్బ కాచుకోవడం. దెబ్బ కాచుకునేవాణ్ణి నేను తప్పుపట్టలేను, పట్టను. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక మా పల్లెల్లో పిల్లల్ని పెద్ద యూనివర్సిటీలకి పంపే ప్రతి తల్లీ చెప్పే మాట ఒక్కటే, 'గొడవల్లోకి పోబాక నాయనా.' అక్క కూడా చెప్పింది. గొడవల్లోకి పోకుండా ఉండటమంటే ఏమిటో ఆ తల్లులకి తెలీదు. వెనక బెంచీలో కూర్చుని నవ్వడమని తెలిస్తే చెప్పేవాళ్లు కాదేమో. వీడు దాచుకున్నంతసేపూ వీడి వంతు దెబ్బ ఎటూ పోదు, ఆ పిల్ల మీద పడుతుంది. క్లాసులో మనవాళ్లు నలుగురుంటే నలుగురి మీదా పడాల్సింది ఒక్కదాని మీద పడుతుంది. దాంట్లో వీడి నవ్వు కూడా కలుస్తుంది.

ఇట్లా గీత గీసి వాణ్ణి అటువైపు నిలబెడదామనుకున్నాను. కాని నేను ఎటువైపు నిలబడ్డాను? మా స్టాఫ్‌రూములో ప్రమోషన్ల రోస్టరు మీద జోకులు వేస్తారు. నేను నవ్వను. నా కులం వాళ్లందరికీ తెలుసు కాబట్టి నవ్వాల్సిన అవసరం లేదు. ఆ అద్దె ఇంట్లో మాత్రం, ఇల్లుగలామె పక్కింటి అటెండరు కుటుంబం గురించి, 'వాళ్ల వాసన వేరు మాస్టారూ' అన్నప్పుడు నేనేం చేశాను? నవ్వలేదని ప్రమాణం చేయలేను. కాలవలో పోసిన తునకలు కూడా ఒకరకం నవ్వేనేమో. ఎదురుగా ఎవరూ లేకపోయినా నవ్వడం.

వాడితో నేను అన్నదల్లా ఇంతే. 'చెప్పమని నేను అడగను. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. నవ్వడం మాత్రం ఆపు. అనుమానం వస్తే రానీ.' వాడు తలూపలేదు, కాదనలేదు. 'నీకు ఉద్యోగం ఉంది మామా' అన్నాడు. నిజమే. జీతమొచ్చేవాడు చదువుకునేవాడికి ధైర్యం చెప్పడం తేలిక.

ఆ రాత్రి మేం దిగిన సత్రంలో అన్నాలు తింటుంటే పెద్దమాస్టారే కాళ్ల సంగతి ఎత్తాడు. బండిలోంచి చూశాడట. 'ఆ కుర్రాడు మొక్కింది ఎవరికమ్మా? నీకా? నువ్వనుకున్న ఇంకెవరికో. తెలిస్తే మొక్కేవాడా?' మాస్టారు ఎగతాళికి అనలేదు. ఆయనకి నిజంగానే బాధగా ఉంది. నాక్కూడా మధ్యాహ్నం నుంచి అదే ఆలోచన. మారుపేరు మీద వచ్చిన గౌరవం ఎవరికి చెందుతుంది? తప్పు అడ్రసుకి వచ్చిన మనియార్డరు లాంటిదా అది? తిరిగి ఇచ్చెయ్యాలా?

అక్క మజ్జిగ కలుపుకుంటా ఉంది. 'ఆ పిలగాడు ముట్టుకుంది నా కాళ్లనే గదా మాస్టారూ. పేరు మారిస్తే కాళ్లు మారతయ్యా?' అంది.

'అది కాదమ్మా. తెలిస్తే...'

'తెలిస్తే మొక్కకపోతే ఆ తప్పు ఆ పిలగాడిది. నా బిడ్డది ఎట్టా అయిద్ది?'

బండిలో ఇంతమంది టీచర్లం, ఇద్దరు ఎం.ఏ.లు, ఒక ఎం.ఫిల్. ఎవరం మాట్లాడలేదు. అక్క ఇంకో మాట కూడా అంది, కొంచెం ఆగి. 'తెలిసి కూడా మొక్కేవాడేమో. ఎవరు జూశారు? మావాడు వాడికి ఆ వీలే ఇయ్యలా.'

నేను ఎన్నో రోజులు ఈ మాట గురించి ఆలోచించాను. మనం దాచుకోవడం వల్ల మనకి జరిగే నష్టం గురించి మనవాళ్లు చాలా రాశారు. అవతలివాడికి మంచివాడయ్యే అవకాశం పోతుందని మా అక్క అంది. ఆ మాటకి నేను పూర్తిగా ఒప్పుకోను. అవతలివాడు మంచివాడో కాదో పరీక్షించడానికి మన పిల్లలు ప్రతిసారీ తమ బతుకు పణంగా పెట్టాలా? వంద తలుపులు కొట్టి తొంభై తొమ్మిది చోట్ల తన్నులు తిని, నూరో తలుపులో మంచివాణ్ణి కనిపెట్టాలా? దాని ఖర్చు ఎవరు భరిస్తారు? కాని అక్క అడగమని అనలేదు. ఆమె ఆ కుర్రాడి మీద జాలిపడింది. కాళ్లు ముట్టుకున్న కుర్రాడి మీద జాలిపడే హక్కు ఆమెకి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియాలి.

మర్నాడు పొద్దున అలీపూర్ రోడ్డు. 1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ చనిపోయిన 26వ నెంబరు ఇంటి స్థలంలో ఇప్పుడున్న స్మారకం తెరిచిన పుస్తకంలా కట్టారు. రాజ్యాంగం అన్నమాట. బేనరు పట్టుకుని పెద్దమాస్టారు ముందు నడిచాడు. నేను సీటు కింద నుంచి జెండా తీసి మళ్లీ కడుతున్నాను. మడతలు పడిపోయి నిలబడటం లేదు.

అల్లుడు వచ్చాడు. రమ్మని మేం పిలవలేదు. ఒక్కడే, మెట్రోలో. పుస్తకాల బ్యాగు భుజాన ఉంది, అక్కణ్ణుంచి క్లాసుకే పోతాడేమో. పెద్దమాస్టారికి నమస్కారం పెట్టాడు. ఆయన 'బాగా చదువుతున్నావా?' అని మాత్రం అడిగాడు. ఫోటో తీసేటప్పుడు వాడు ఫోటోలోకి రాలేదు, ఫోను తీసుకుని తనే తీశాడు. వాళ్లమ్మని ఒక్కదాన్నే నిలబెట్టి నాలుగైదు తీశాడు. వెనక బాబాసాహెబ్, ముందు అక్క, చేతులు పమిట బయటే ఉన్నాయి ఈసారి. 'స్టేటస్ పెట్టుకుంటావంట్రా?' అని అడిగింది అక్క. వాడు ఫోను జేబులో పెట్టుకుని, 'ఎండగా ఉందమ్మా, నీడకి రా' అన్నాడు.

సున్నుండల డబ్బా ఖాళీ చేసి తిరిగిచ్చాడు. స్నేహితులు బాగున్నాయన్నారట. 'ఆ అమ్మాయికి పెట్టావా?' అని అడిగాను చెవిలో. 'పెట్టా మామా' అన్నాడు. అదొక్కటే అన్నాడు. నిజమో, నా కోసం అన్నాడో అడగలేదు.

అక్టోబరు 12న నాగపూర్లో విజయదశమి జనంలో మేం తప్పిపోయి రెండు గంటలు ఒకళ్లనొకళ్లు వెతుక్కున్నాం. అక్క ఎవరో మరాఠీ ఆడవాళ్ల గుంపులో కూర్చుని వాళ్లు పెట్టిన భాకరీ తింటా కనపడింది. భాష రాదు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే 'నీ కొడుకేం జేస్తాడని అడిగారు. ఢిల్లీలో చదువుతున్నాడని చెప్పా' అంది. ఎట్లా చెప్పిందో, వాళ్లకెట్లా అర్థమైందో.

ఇంటికొచ్చాక అమ్మ దగ్గరికి వెళ్లి తునకల డబ్బా సంగతి చెప్పాను, ఏళ్ల తర్వాత. 'తెలుసులే' అంది. 'కుక్కలు మూత తియ్యవు గదరా.'

ఈ వ్యాసం రాసి, అచ్చుకి పంపేముందు అల్లుడికి చదివి వినిపించాను ఫోన్లో. వాడి సంగతి వాడికి తెలియకుండా అచ్చేస్తే నేను ఆ సీనియరు కంటే ఏం నయం? చివరిదాకా విన్నాడు. నవ్వు సంగతి దగ్గర 'ఊ' కొట్టడం మానేశాడు. చాలాసేపు అయ్యాక, 'వెయ్యి మామా. కాలేజీ పేరు మాత్రం తీసెయ్' అన్నాడు.

తీసేశాను.